ఇద్దరికీ ఒకే యాట

పోయిన నెల మా ఆయన్ని కరీంనగర్‌లో ఒక పెద్ద దవాఖానలో చేర్చాం. గుండె జబ్బు. ఐసీయూ బయట ఇనుప బెంచీ మీద కూర్చుని ఉంటే పక్కనున్న ఒకావిడ నా చెయ్యి పట్టుకుంది. ముక్కూ మొహం తెలియని మనిషి. "ఏదన్న మొక్కుకో అక్కా. ఊకె కూసుంటె ఎట్ల? నేను మా ఆయనకు మూడు గుళ్లకు మొక్కిన" అంది.

చేతులైతే జోడించాను. జోడించి అట్లాగే కూర్చున్నాను. నోట్లోంచి మాట రాలేదు. ఏమని మొక్కాలి? లోపల పన్నెండు మంచాలున్నాయి. మా ఆయన పేరొక్కటే చెబితే మిగతా పదకొండు మంది సంగతేంటి? అందరి పేర్లూ నాకు తెలియవు కదా. ఇదంతా ఆవిడతో అని ఉంటే నన్నూ పదమూడో మంచం మీద పడుకోబెట్టించేది. అందుకని ఊరికే తలూపాను.

మా ఆయన ఇంటికొచ్చారు. ఇప్పుడు చప్పిడి కూడు పెడుతున్నానని రోజూ నాతో పోట్లాడుతున్నారు. మూడు గుళ్లకు మొక్కినావిడ మాత్రం భర్తను ఇంటికి తీసుకుపోలేకపోయింది. నా కళ్ల ముందే ఆవిణ్ణి ఇద్దరు రెక్కలు పట్టుకుని నడిపించుకుపోయారు. మొక్కని నాకు మనిషి దక్కాడు, మొక్కినావిడకు దక్కలేదు. దీన్ని ఏమనుకోవాలో నాకు అర్థం కాదు. అయితే ఈ అర్థం కాకపోవడం నాకు కొత్తేమీ కాదు. పదేళ్ల వయసు నుంచీ ఉన్నదే.

అప్పుడు మేం గోదావరిఖనిలో ఉండేవాళ్లం, గని సైరన్ మోగితే గూట్లో గిన్నెలు అదిరేంత దగ్గరలో. కార్మికుల క్వార్టర్లు వరసగా ఉండేవి. సాయంత్రమైతే ప్రతి గుమ్మం ముందూ ఒక బొగ్గుల పొయ్యి. పొగంతా పోయేదాకా వాకిట్లో ఉంచి, నిప్పులు ఎర్రబడ్డాక లోపలికి మోసుకెళ్లేవారు. ఆ పొగ వాసన మా బట్టల్లో, పుస్తకాల్లో, చివరికి పెరుగులో కూడా ఉండేది. ఊళ్ల నుంచి వచ్చిన చుట్టాలు ముక్కు మూసుకునేవారు. మేం వాళ్ల ఊరికి పోయినప్పుడు ఆ గాలిలో ఏదో తక్కువైనట్టు నాకు నిద్ర పట్టేది కాదు.

మా గోడకు ఆవల అత్త, మామ ఉండేవారు. రక్తసంబంధం ఏమీ లేదు. బాపూ మామా గనిలో ఒకే టబ్బుకు బొగ్గు నింపేవాళ్లు, ఒకరు ఈ పక్క, ఒకరు ఆ పక్క. బాపు ఆయన్ని బావా అనేవాడు, అమ్మ ఆమెను వదినా అనేది, ఆమె బాపును అన్నా అనేది. అట్లా వాళ్లు నాకు అత్తా మామా అయ్యారు. వాళ్లకు పిల్లలు లేరు. రెండిళ్లకూ కలిపి ఒకటే అరుగు. మధ్య గోడలో ఒక ఇటుక ఊడగొట్టి ఉండేది. ఆ కంతలోంచి కూర గిన్నెలు ఇటూ అటూ తిరిగేవి. అత్త సర్వపిండి చేసిన రోజు వాసన ముందు వచ్చేది, ముక్క తర్వాత వచ్చేది. ఆ రెండింటి మధ్య నేను కంత దగ్గరే నిలబడి ఉండేదాన్ని.

మామ షిఫ్టు దిగి స్నానం చేసినా కంటి రెప్పల చుట్టూ నలుపు పోయేది కాదు. కాటుక పెట్టుకున్నట్టుండేవాడు. జేబులో పుట్నాలు ఉండేవి. అవి ఊరికే ఇచ్చేవాడు కాదు.

"చెప్పు కోడలా, ఎవలు మంచోళ్లు? మీ బాపునా, నేనా?"

"నువ్వే మామా."

"ఇంటివా బావా? నీ బిడ్డెనే సాక్ష్యం చెప్తున్నది."

"పుట్నాలకు అమ్ముడువోయిన సాక్ష్యం బావా అది, ఏ కోర్టుల నిలువది" అనేవాడు బాపు. ఇద్దరూ నవ్వేవారు. నేను పుట్నాలు నములుతూ ఇంకో సాక్ష్యానికి సిద్ధంగా ఉండేదాన్ని.

గని దగ్గర వేపచెట్టు కింద మైసమ్మ ఉండేది. గుడి కాదు. పసుపు పూసిన రాయి, దానికి రెండు వెండి కళ్లు. లోపలికి దిగే ప్రతి మనిషీ ఆ రాయిని ముట్టుకుని కళ్లకద్దుకుని పోయేవాడు. బాపు అలవాటుగా ముట్టుకునేవాడు. మామ అట్లా కాదు, చెప్పులు విడిచి, టోపీ తీసి, పెదాలు కదిలిస్తూ నిలబడేవాడు. ఆయన వెనక వరస ఆగిపోయి "బావా, ఆమెకు గూడ డ్యూటీ ఉంటది, జల్ది కానియ్యి" అని కసిరేవాళ్లు.

అక్కడ కొట్టిన కొబ్బరి చిప్పల్లోంచి ముక్కలు ఎత్తుకుపోవడం మా పిల్లల పని. అడక్కుండా తింటే మైసమ్మ కళ్లు పీకుతుందని నాయనమ్మ చెప్పింది. నేను తిన్నాను. తిని రెండు రోజులు ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి పరీక్ష చేసుకున్నాను. రెండూ పనిచేస్తున్నాయి. భయం ఆగక మామకు చెప్పేశాను.

మామ పగలబడి నవ్వాడు. "పిల్లలు తింటె తల్లికి కోపమొస్తదా, పిచ్చి పోరీ? ఆమె మన తల్లి. బాయిల దిగేటోళ్లనందరిని ఆమెనే సూసుకుంటది." బొగ్గు గనిని మావాళ్లు బాయి అనేవారు. మామ ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో అనుమానమనేది లేదు. అందుకే నేనూ నమ్మాను.

ఒక రోజు పొద్దున పదకొండింటికి సైరన్ మోగింది. షిఫ్టు మారే వేళ కాదు. బడిలో పంతులు గారు చెబుతున్న పాఠం ఆపేశారు. గని వాళ్ల పిల్లలం ఒకరి మొహాలు ఒకరం చూసుకుని, ఎవరూ పొమ్మనకుండానే లేచి పరుగెత్తాం. మా వరసలోకి వచ్చేసరికి ఇళ్లలో ఎవరూ లేరు. తలుపులన్నీ తెరిచి ఉన్నాయి. పొయ్యిల మీద అన్నాలు మాడిపోతున్నాయి. అంత మాడు వాసన నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు. ఈ రోజుకీ నా ఇంట్లో అన్నం అడుగంటితే ముందు గిన్నె దించను, ఇంట్లో ఎవరెవరు ఉన్నారో చూసుకుంటాను.

గని లోపల ఒక చోట పైకప్పు కూలింది. ఆ చుట్టుపక్కల పనిచేస్తున్నవాళ్లంతా బయటపడ్డారు, ఇద్దరు తప్ప. ఆ ఇద్దరూ బాపూ మామా.

తాడు కట్టి ఆడవాళ్లందరినీ ఇవతల నిలబెట్టారు. అమ్మా అత్తా మైసమ్మ ముందు నేల మీద కూర్చున్నారు. అమ్మ చేతులు జోడించి "తల్లీ, మా ఇంటాయనను..." అని మొదలుపెట్టింది. అత్త ఆమె చేతుల మీద చెయ్యి వేసి ఆపింది.

"ఏరువేరుగ వద్దు వదినా. లోపల ఇద్దరు ఒక్కకాడ ఉన్నరు. మనం గూడ ఒక్కకాడ మొక్కుదం."

ఇద్దరూ ఒకే కొబ్బరికాయను నాలుగు చేతులతో పట్టుకున్నారు. "ఇద్దరిని మంచిగ పైకి తే తల్లీ. నీకు నల్ల యాటను కోస్తం. ఇద్దరికి ఒకటే మొక్కు" అన్నారు. అమ్మ అంటుంటే అత్త, అత్త అంటుంటే అమ్మ ఆ మాటను మూడుసార్లు అన్నారు. అది మా బంధానికి తగ్గట్టే ఉందనిపించింది నాకు. ఒకటే అరుగు, ఒకటే కంత, ఒకటే మొక్కు. దానిలో చిక్కు ఉందని అప్పుడు ఎవరికీ తట్టలేదు.

మర్నాడు ఊరి నుంచి నాయనమ్మ వచ్చింది. మొక్కు కబురు ముందే అందిందేమో, యాటగా ఇవ్వడానికి నల్ల మేకపోతును కూడా తెచ్చింది. దాని నుదుట పసుపూ కుంకుమా పెట్టి, అరుగు మీద స్తంభానికి కట్టి, నేరుగా గని దగ్గరికి వచ్చేసింది.

ఆ మధ్యాహ్నమే లోపల తవ్వుతున్నవాళ్లలో ఒకాయన నీళ్లు తాగడానికి పైకి వచ్చాడు. నేను కుండ పక్కనే ఉన్నాను. చిన్నపిల్లనని ఆయన నన్ను లెక్కచెయ్యలేదు. పక్కనున్న మనిషితో మెల్లగా అన్నాడు: "ఒక్కడన్న పానంతోని దొరికితె గొప్పనే."

నేను వేపచెట్టు వెనక్కు పోయాను. రాయికి ముందు నిలబడలేకపోయాను, ఆ వెండి కళ్లు చూస్తాయని. వెనక నుంచి చెయ్యి ఆనించి మొక్కాను. "ఒక్కరినే తెచ్చేటట్టయితే మా బాపును తే." ఇంకో మాట కూడా అన్నాను: "మామ ఏమీ అనుకోడు. నేనంటే ఆయనకు ఇష్టం."

మూడో రోజు మధ్యాహ్నం ముందు బాపును తెచ్చారు. ఎడమ చెయ్యి విరిగింది, పెదాలు పగిలి ఉన్నాయి, కళ్లకు తడిబట్ట కట్టారు. కాలి వేళ్లు కదులుతున్నాయి. అమ్మ ఆ వేళ్లను పట్టుకుని నవ్విందో ఏడ్చిందో చెప్పలేను. వెనక ఇంకో స్ట్రెచర్ వచ్చింది. దాని మీద మొహం కనపడకుండా దుప్పటి కప్పారు. లోపల ఉన్నది ఇద్దరే అని తెలిసి కూడా అత్త "ఎవలు? ఎవలాయన?" అని అడుగుతూనే ఉంది. అమ్మ ఒక అడుగు అత్త వైపు వేసింది. అంతలో అంబులెన్సు తలుపు తెరిచారు. అమ్మ వెనక్కు తిరిగి బాపు వెంట ఎక్కేసింది. అత్త ఒక్కతే నిలబడిపోయింది. నేను ఆమె పక్కకు పోవాలనుకున్నాను. పోలేదు.

తర్వాతి రోజుల్లో మా ఇంట్లో సంతోషం ఉండాలి. బాపు బతికి వచ్చాడు కదా. కానీ అమ్మ గట్టిగా గిన్నె పెట్టాలన్నా భయపడేది, గోడవతల వినపడుతుందని. గోడ కంతలో ఇటుక మళ్లీ వచ్చింది. అది ఎవరు పెట్టారో నాకు తెలియదు.

మేకపోతు మాత్రం అరుగు మీద ఉంది. మొక్కినదాన్ని అమ్మకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు, ఊరికే కొయ్యకూడదు. అది అత్త గుమ్మానికి దగ్గరగా కట్టి ఉండటంతో ఆమే దానికి చింతాకు వేసేది, కుడితి పెట్టేది. తెల్లవారితే అత్త తలుపు తీసిన చప్పుడు, వెంటనే మేక అరుపు. బాపు అది విని మంచం మీద అటు తిరిగి పడుకునేవాడు.

"ఎవల మొక్కు వాళ్లు మొక్కుకోవాలె" అని నాయనమ్మ అమ్మను సాధించేది. "ఇద్దర్ని ఒక్క ముడి వేస్తె గిట్లనే అయితది. సగం ఇన్నది, సగం ఇడిసింది."

"మరిప్పుడు యాటను ఇయ్యాల్నా, వద్దా అత్తా?" అంది అమ్మ నాయనమ్మతో.

"ఇయ్యకుంటె ఇచ్చిందాన్ని మల్ల గుంజుకపోతది."

"ఇస్తె? ఇద్దర్ని తెస్తె ఇస్తమంటిమి గదా?"

నాయనమ్మకు తెలియని ఆచారం ఉండదని మా నమ్మకం. అట్లాంటిది "ఏమో బిడ్డా. సగం తీరిన మొక్కు నేనెన్నడు సూడలే" అని చుట్ట ముట్టించుకుంది.

నెలన్నర గడిచింది. బాపు చెయ్యి అతుక్కుంది. డాక్టరు ఫిట్టు అని రాశాడు. సోమవారం నుంచి ఫస్టు షిఫ్టు. ఆదివారం లోపు మొక్కు తీర్చకపోతే సోమవారం అమ్మ బాపును గని దిగనివ్వనని పట్టుబట్టింది. అప్పటిదాకా మాట్లాడని బాపు ఆ రోజు మాట్లాడాడు. నేను తలుపు వెనక ఉన్నాను.

"ఏం జేసిందని కోస్తవే యాటను?"

"నిన్ను తెచ్చింది."

"నన్ను తెచ్చింది! ఒకటిన్నర దినం బావ మాట్లాడిండు, తెలుసా నీకు? బండకు అవుతల నుంచి. నాతోని గాదు, మైసమ్మతోని. తల్లీ తల్లీ అని పిలుసుడే పిలుసుడు. నేను పిలువలే. నాకు నీళ్లు తప్ప ఏం యాదికి రాలే. పిలిసినోడు పోయిండు. పిలువనోడు ఇంట్ల కూసోని గంజి తాగుతుండు. చెప్పు, గిదేం న్యాయం?"

"గట్ల అనకు. ఆమె ఇంటది."

"ఇననియ్యి. ఇనాలెననే అంటున్న."

బాపు పిలవలేదు, నిజమే. నేను పిలిచాను కదా. మామ లోపల నుంచి పిలుస్తుంటే నేను పైనుంచి పిలిచాను. అమ్మవారు నా మాట విన్నదని భయం వేసింది. భయంతో పాటు, సిగ్గు లేకుండా చెబుతున్నాను, కొంచెం గొప్పగా కూడా అనిపించింది. మరుక్షణం గోడవతల అత్త దగ్గిన చప్పుడు వినపడి తలుపు వెనకే కూలబడ్డాను.

ఇక మిగిలింది తాడు సంగతి. యాటను ఇచ్చేటప్పుడు మొక్కినవాళ్లు దాని తాడు పట్టుకోవాలి. మొక్కింది ఇద్దరు. "మొగడు పోయిన ఆడిది తాడు ముట్టొద్దు" అంది నాయనమ్మ. మళ్లీ తానే "ముట్టకుంటె మొక్కు తీరది" అంది. ఆ రెండు మాటల మధ్య అమ్మ పిచ్చిదాన్లా తిరిగింది. చివరికి శనివారం నా చేతికి ఒక కూర గిన్నె ఇచ్చింది.

"అత్తను అడిగి రా బిడ్డా. రేపు తాడు పట్టనీకి వస్తదా అని. నాకు అడగనీకి మొఖం చెల్లుతలేదు."

అత్త గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. ఆ బియ్యం గుప్పెడు కూడా లేవు. ఒక్క మనిషి బియ్యం అంత కొంచెమే ఉంటాయని నాకు అప్పుడే తెలిసింది. నన్ను చూసి "తిన్నవా కోడలా?" అంది. మామ నన్ను పిలిచే పిలుపు అది. అత్త ఎప్పుడూ పేరు పెట్టి పిలిచేది. నేను గిన్నె కింద పెట్టి, "అమ్మ కూర పంపింది" అని మాత్రం అన్నాను. ఇంకేమీ అడగలేదు.

ఇంటికొచ్చి "వస్తనన్నది" అని చెప్పాను.

ఎందుకు అబద్ధమాడానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. రాదని చెబితే మొక్కు ఆగుతుంది, మొక్కు ఆగితే బాపు పోతాడు. వస్తుందని చెబితే అమ్మ సంతోషిస్తుంది. పదేళ్ల బుర్రకు అంతకన్నా దూరం పోలేదు. అమ్మ కొంగు నోట్లో పెట్టుకుని ఏడ్చింది. "దేవత. మనిషి గాదు, దేవత" అంది గోడ వైపు చూసి.

ఆదివారం పొద్దున డప్పు వచ్చింది. నాయనమ్మ మేకకు స్నానం చేయించి మెడలో వేపమండ కట్టింది. బాపు రానన్నాడు. అమ్మ అత్త గుమ్మం ముందు నిలబడి "నడువు వదినా" అంది.

"యాడికి?"

అమ్మ నా వైపు తిరిగింది. అత్త కూడా నా వైపు చూసింది. మేకను చూసింది, డప్పును చూసింది, మళ్లీ నన్ను చూసింది. నేను కాలి బొటనవేలితో అరుగు గీకుతున్నాను. నా వీపు మీద దెబ్బలు పడటమే తరువాయి అనుకున్నాను.

"మర్సేపోయిన వదినా. నిన్న పోరి చెప్పింది" అంది అత్త. "జెర ఆగు, చీర మార్చుకొని వస్త."

మైసమ్మ దగ్గర పూజ చేసేది ఆ గనిలోనే పనిచేసి దిగిపోయిన ఒక తాత. ఆయన మేక వీపు మీద పసుపు నీళ్లు పోశాడు. నీళ్లు పడగానే యాట ఒళ్లంతా దులుపుకోవాలి. దాన్ని జడ్త ఇవ్వడం అంటారు. జడ్త ఇస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు, అప్పుడే కొయ్యాలి. మేక దులుపుకోలేదు. తాడు ఒక చివర అమ్మ, ఆమె వెనకే అత్త పట్టుకుని ఉన్నారు. తాత ఇంకో చెంబు పోశాడు. మేక కింద పడ్డ కొబ్బరి ముక్క వాసన చూసింది. మూడో చెంబు పోశాడు. నాలుగోది కూడా. డప్పు ఆగిపోయింది.

"ఎవలో మనసుల తప్పు పెట్టుకోని నిలవడ్డరు" అన్నాడు తాత. "చెప్పిడిసిపెట్టున్రి. లేకుంటె తల్లి ఒప్పుకోదు."

జనం అత్త వైపు చూశారు. మొగుడు పోయినామె చెయ్యి తాడు మీద ఉంది కాబట్టి తప్పు ఆమెదే అయి ఉండాలన్నట్టు చూశారు. వెనక వేపచెట్టు దగ్గర బాపు నిలబడి ఉన్నాడు. రానన్నవాడు ఎప్పుడొచ్చాడో తెలియదు.

నేను అరిచాను. "అత్త గాదు. నేను! ఒక్కరినే తెస్తె బాపును తే అని మొక్కిన. మామను వద్దన్న."

మామను వద్దని నేను అనలేదు. కానీ నోట్లోంచి అట్లాగే వచ్చింది. అమ్మ తాడు వదిలి నా చెంప పగలగొట్టింది. రెండోసారి ఎత్తిన చెయ్యిని అత్త పట్టుకుంది.

"పోరినెందుకు కొడ్తవ్ వదినా? నేను గూడ గట్లనే మొక్కిన. ఒక్కరే అయితె మా ఆయనను తే అని. మా అన్న యాదికి రాలేదా అంటె, వచ్చిండు. వచ్చినంక గూడ గట్లనే మొక్కిన." అత్త గొంతు మామూలుగానే ఉంది. "నువ్వు మొక్కలేదా?"

అమ్మ కింద పడ్డ తాడును చూస్తూ నిలబడింది.

సరిగ్గా అప్పుడే "ఇచ్చింది! జడ్త ఇచ్చింది!" అని తాత అరిచాడు. అందరం మేక వైపు తిరిగాం. అది మామూలుగానే నిలబడి ఉంది. ఇచ్చిందని నాయనమ్మ ఒట్టు పెట్టుకుంది. డప్పు కొట్టేవాళ్లలో ఒకాయన చూశానన్నాడు, ఇంకొకాయన చూడలేదన్నాడు. చెవిలో నీళ్లు పోతే ఏ మేకైనా తల విదిలిస్తుందని బాపు తర్వాత అన్నాడు. నేను చూడలేదు. అత్త మొహం చూస్తున్నాను. ఆ వరసలో ఇప్పటికీ బతికున్నవాళ్లను అడిగితే సగం మంది ఇచ్చిందంటారు, సగం మంది ఇవ్వలేదంటారు. మేకను మాత్రం కోసేశారు.

సోమవారం బాపు డ్యూటీకి పోయాడు. రిటైరయ్యేదాకా పోయాడు, ఒంటి మీద గీత పడకుండా. మైసమ్మ ముందు నుంచి పోతూ ఒక్కనాడూ అటు తల తిప్పలేదు. ఆయన ముట్టుకోని రాయిని అమ్మ ప్రతి ఆదివారం పోయి రెండుసార్లు ముట్టుకునేది. అత్తకు గని మీదే ల్యాంప్ రూంలో ఉద్యోగమిచ్చారు. దిగేవాళ్లకు టోపీ లైట్లు అందించేది. పొద్దున్నే బాపు లైటు ఆమె చేతి నుంచే తీసుకునేవాడు. విచిత్రమేమిటంటే, అత్త మొక్కడం మానలేదు. రోజూ డ్యూటీకి పోతూ రాయి ముందు నిలబడేది, మామ నిలబడినంతసేపూ నిలబడేది. పెళ్లయ్యాక ఒకసారి ధైర్యం చేసి అడిగాను, ఇంకా ఎందుకు మొక్కుతావని. "మరి ఎవలతోని కొట్లాడాలె బిడ్డా?" అంది.

అమ్మను కూడా అడిగాను, ఆమె మంచం పట్టిన రోజుల్లో. "ఆ రోజు అత్త అడిగింది కదా. నువ్వు కూడా మొక్కినవా?" అన్నాను. నా మూడో పుట్టినరోజున ఎవరెవరు వచ్చారో, ఏం కూర వండిందో చెప్పగలిగిన మనిషి. "ఏమో బిడ్డా, యాది లేదు" అంది.

ఇన్నేళ్లుగా దీన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ చూస్తూనే ఉన్నాను. ఒకే రాయికి నేను ఒక దిక్కు నుంచి, అత్త ఒక దిక్కు నుంచి, మామ పాతాళం నుంచి మొక్కాం. నా మాట విన్నదని ఒప్పుకుంటే వాళ్లిద్దరి మాటా వినలేదని ఒప్పుకోవాలి. కొబ్బరి ముక్కలు ఎత్తుకుపోయే పిల్ల మాట విని, చెప్పులు విడిచి నిలబడ్డ మామ మాట వినని దేవత ఎట్లాంటిది? అసలు వినే చెవే లేదనుకుందామంటే, చీకటిలో ఒకటిన్నర రోజు మామ ఎవరితో మాట్లాడాడు? ఎవరితోనూ కాదనడానికి నాకు నోరు రాదు. దండం పెట్టేటప్పుడు నా చేతులు లేస్తాయి, మాటలు రావు. ఎవరైనా నువ్వు నమ్ముతావా అంటే ఒకరోజు అవునంటాను, ఇంకో రోజు కాదంటాను. రెండు రోజులూ అబద్ధం చెప్పినట్టే ఉంటుంది.

ఒక సంగతి చెప్పకుండా దాటేద్దామనుకున్నాను. చెప్పేస్తాను.

ఆ ఆదివారం మేకను రెండు పాళ్లు చేసి, ఒక పాలు పచ్చిదే అత్త ఇంటికి పంపారు. మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. బాపు గోడ వైపు తిరిగి కూర్చున్నాడు, అమ్మ వంటింట్లో ఊరికే నిలబడి ఉంది. ఏ రెండింటికో అత్త వచ్చింది. నెలన్నర తర్వాత మా గడప తొక్కడం అదే మొదలు. చేతిలో మూత పెట్టిన గిన్నె ఉంది. బోసి చేతులతో ఆమె గిన్నె మోస్తుంటే గాజుల చప్పుడు రాలేదు. బాపు ముందు కంచం పెట్టి, అన్నం వేసి, కూర వేసింది.

"తిను అన్నా. రేపు దిగాలె. కడుపు మాడ్చుకొని దిగుతె కండ్లు తిరుగుతయ్."

బాపు ముద్ద కలిపాడు. ఏడుస్తూనే తిన్నాడు. అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. అత్త నాకూ కంచం పెట్టింది. నా చెంప ఇంకా మండుతోంది. తినకూడదని నాకు తెలుసు. ఆ మేకకు నేనూ అప్పుడప్పుడు ఆకులు తినిపించాను, మామను వద్దన్నానని అందరి ముందూ చెప్పాను, ఇంకా ఏ మొహం పెట్టుకుని తింటాను? కానీ అది అత్త చేతి కూర. అల్లం, ధనియాలు, ఎండు కొబ్బరి, కంతలోంచి ముందే వచ్చే ఆ వాసన. ముద్ద నోట్లో పెట్టుకున్నాను. బాగుంది. ఎంత బాగుందంటే, కంచం ఖాళీ చేసి ఇంకో ముక్క కావాలన్నాను. అత్త గిన్నె అడుగున గరిటెతో వెతికి, మామ కోసం ఎప్పుడూ విడిగా తీసిపెట్టే కార్జం ముక్కను నా కంచంలో వేసింది. నేను అది కూడా తిన్నాను.